సత్యారావు బుర్రకి సెలవు

మతిమరుపు రోగం కాదండీ, భోగం! ఈ మాటన్నందుకు చోడవరంలో బాదంపప్పు అమ్మేవాళ్లూ, సరస్వతీ లేహ్యం అమ్మేవాళ్లూ నా మీద కత్తి కట్టొచ్చు. కట్టనివ్వండి. ఎందుకు కట్టారో రేపటికి వాళ్లకే గుర్తుండదు.

జేబులో ఫోన్ ఉండగా బుర్రకి చాకిరీ ఎందుకు చెప్పండి? పెళ్లిరోజు అది చెబుతుంది. బీపీ బిళ్ల అది గుర్తు చేస్తుంది. నీళ్లు తాగమని కూడా అదే గంట కొడుతుంది! దాహం వేసినా గంట మోగేదాకా ఓపిక పట్టే స్థాయికి మనిషి ఎదిగాడు. అభివృద్ధి అంటే ఇదే కదా?

నమ్మకపోతే మా సత్యారావుని చూడండి. నాలుగెకరాల చెరుకు రైతు, మహా సుఖపురుషుడు. ఒకప్పుడు అతని తల నిండా చెత్తే. ఏ మడిలో చెరుకు ఎప్పుడు నాటాడో, ఎవరి మేనత్తని ఏ ఊరిచ్చారో అన్నీ నోటికొచ్చు. ఇప్పుడు భార్య నంబరు కూడా రాదు. తల ఎంత తేలికైపోయిందో!

ఆ చెత్త అతనికి తల్లి నరసమ్మ నుంచి వచ్చింది. ఆవిడ పలక పట్టిన మనిషి కాదు. ఏదడిగినా ఇంకోదానికి ముడేసి చెప్పేది. మనవడు బంగార్రాజు ఎప్పుడు పుట్టాడంటే, "పెద్ద గాలివాన ఎల్లిన మూడో లచ్చివారం, మన ఎర్రావు ఈనిన మర్నాడు" అనేది. ఇదే విద్యని ఇప్పుడు ఏసీ గదుల్లో మెమరీ క్లాసులని నేర్పుతున్నారు. పాపం, నరసమ్మకి బోర్డు పెట్టుకోవాలని తోచలేదు.

ఆవిడ పోయాక తొలి ఏడాది తద్దినం సత్యారావు దగ్గరుండి జరిపించాడు. అమ్మ రోజు తప్పితే నా బతుకెందుకని దేవరాపల్లి నుంచి వచ్చిన అక్క కనకమహాలక్ష్మి ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వెంటనే ఆ తారీఖుని ఫోన్‌లోకి ఎక్కించి, 'ప్రతి ఏటా, రెండు రోజుల ముందు' అని నొక్కాడు.

"అప్పా, ఇంక బెంగ లేదు. నాను మర్చిపోయినా ఇది మర్చిపోదు" అన్నాడు అక్కతో.

మర్చిపోలేదండీ! ఈ ఏడాది సరిగ్గా మోగింది. సత్యారావు అక్కకి ఫోన్ చేశాడు.

"అప్పా, ఎల్లుండి అమ్మ తద్దినం. రేపే బస్సెక్కీ."



"మాఘ శుద్ధ పంచమి ఎల్లిపోయి ఎనిమిది రోజులైందిరా" అంది అక్క.

అప్పుడు తట్టింది సత్యారావుకి. తద్దినం పెట్టేది తిథికి, తారీఖుకి కాదు! తిథి ఏటా కదులుతుంది, తారీఖు గుంజకి కట్టినట్టు ఉన్నచోటే ఉంటుంది. ఈ సంగతి చోడవరంలో ఐదో క్లాసు గుంటడికీ తెలుసు. సత్యారావుకీ తెలుసు. కాకపోతే తెలిసినదాన్ని తలుచుకునే పని ఫోన్‌కి అప్పగించేశాడు, అంతే.

"నువ్వు పిలుస్తావని ముందునుంచీ సంచీ సర్దుకుని కూకున్నాను" అంది అక్క. "పంచమినాడు నానే అన్నం వండి, అమ్మ పేరు సెప్పి కాకికి పెట్టేను."

"మరి ఓ మాట గుర్తు సెయ్యకపోనావా అప్పా?" అన్నాడు సత్యారావు.

"అమ్మని గుర్తు సెయ్యాలేట్రా నీకు?"

తప్పిన తద్దినానికి శాస్త్రంలో దారి ఉంది, అమావాస్యకి పెట్టుకోవచ్చు. అక్క అడిగినదానికే ఏ దారీ కనబడక సత్యారావు ఫోన్ పట్టుకుని వాకిట్లో కూలబడి ఏడ్చాడు. తెర మీద 'అమ్మ తద్దినం' అని, దాని పక్కన 'పూర్తయింది' అని మెరుస్తోంది. ఒక్కసారి నొక్కేస్తే చాలు, మళ్లీ ఏడాది దాకా అది అమ్మ ఊసెత్తదు. ఎంత సుఖమండీ!