కోరింత దగ్గు లేని లోకం

మహమ్మారి మనకు చేసిన మేలు పెద్ద చదువుల వాళ్లెవరూ చెప్పడం లేదు. అందుకని ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నేనే చెప్పాల్సొస్తోంది. లోకంలో ఉన్న దగ్గులన్నిటినీ అది తుడిచిపెట్టేసింది. తన దగ్గు తప్ప!

నమ్మరా? మా వీధి చివరి ఆసుపత్రిలో రిజిస్టర్ చూడండి. కోరింత దగ్గు, సున్నా. న్యుమోనియా, సున్నా. ఏడాదిగా అన్నీ సున్నాలే. ఎంత గుండ్రంగా ఉన్నాయనుకున్నారు!

మా పదినెలల పాప మాత్రం మూడు వారాలుగా దగ్గుతోంది. ఆపకుండా దగ్గి, మొహం నల్లబడి, చివర్లో కూత పెడుతూ ఊపిరి లాక్కుంటుంది. తాగిన పాలన్నీ నా ఒళ్లోనే. టీకా వేయించలేదా అంటారా? టీకాల రోజు రెండుసార్లు రద్దు చేశారు మరి. లేని జబ్బుకి టీకా ఎందుకు?

"ఇది కోరింత దగ్గే అమ్మాయ్. మీ ఆయనా చిన్నప్పుడు ఇలాగే కూత పెట్టాడు" అంది మా అత్తయ్య. పాపం, ఆవిడ రిజిస్టర్ చూడలేదు.

ఆసుపత్రిలో నర్సమ్మ పాప ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసింది.

"నెగెటివ్. అదృష్టవంతురాలివి, ఇంటికెళ్లు."

"మరి దగ్గు?"

"ఆ దగ్గు కాదుగా."

"ఇంకే దగ్గండీ?"

"అది తేలాలంటే వేరే పరీక్ష చెయ్యాలి. మా ల్యాబ్ ఆయన్ని మహమ్మారి డ్యూటీకి పంపి ఏడాదైంది."

"మరి చూడకుండానే సున్నా వేశారే?"

"చూడలేదని రాయడానికి గడి లేదు తల్లీ. ఖాళీగా వదిలేస్తే పైనుంచి ఫోన్ చేసి తిడతారు."

ఎంత సుఖమైన పద్ధతి! ఇంట్లో నేనూ మొదలెట్టాను. బియ్యం డబ్బా మూత తీయడం మానేశాను, పురుగులు పోయాయి. మా ఆయన జేబులు వెతకడం మానేశాను, సిగరెట్లు మానేశాడు. పెద్దదాని హోంవర్క్ చూడటం మానేశాను, ఒక్క తప్పూ లేదు. మా ఇల్లు ఇంత సవ్యంగా ఎప్పుడూ లేదంటే నమ్మండి.

పాప ఒక్కతే మాట వినడం లేదు. ఆసుపత్రి లెక్క చెడిపోతుందే, దగ్గకే అంటే దగ్గుతుంది.

అందుకే క్యాలెండర్ వెనకవైపు గీతలు పెడుతున్నాను. పాప కూత పెట్టిన ప్రతిసారీ ఒక గీత. నిన్న పద్దెనిమిది, ఇవాళ పొద్దుట్నుంచి ఇరవై ఒకటి. రేపు ఆ క్యాలెండర్నీ పాపనీ చంకనేసుకుని నర్సమ్మ ముందు కూర్చుంటాను, ఎవరో ఒకరు పరీక్ష చేసేదాకా లేవను.

నా రిజిస్టర్లో ఇంకా ఒక్క సున్నా కూడా పడలేదు. పడిన రోజు మాత్రం, అది నేను చూసి వేసిన సున్నా.