చర్మం నాకా, హుకుం నంబర్ ఏడు

ముంబై పక్కనున్న భివండీలో చర్మరక్షణ గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. 1998లో నాగావ్‌లో నేను పనిచేసే మగ్గాల కార్ఖానాలో పెట్టిన పద్ధతి వల్ల ఒక్క చెయ్యి కూడా పగల్లేదు. (మొదటి వారంలో పగిలినవి పద్దెనిమిది.)

ముందు శాస్త్రం. చర్మమంటే లారీల్ని ఆపి పన్ను వసూలు చేసే జకాత్ నాకా లాంటిది. లోపలి నీళ్లు బయటికి పోకూడదు, బయటి మురికి లోపలికి రాకూడదు. పైవరుసలో కాపలా ఉన్న కణాలన్నీ చచ్చినవే, అయినా డ్యూటీ మానవు. (మిగతా ఆఫీసుల్లో సిబ్బంది బతికే ఉంటారు.) ఆ కణాల మధ్య సందులు పూడ్చేది చర్మంలోని నూనె. అది పోతే గేటు ఎత్తేసినట్టే.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసిందల్లా, మావాళ్లు డ్యూటీ దిగగానే గ్రీజు పోవడానికి కిరోసిన్‌తో చేతులు కడుక్కుంటారని. ఇంత పెద్ద పనికి ఒక ఆఫీసు లేకపోవడం నాకు లోటనిపించింది. అట్ట మీద రాసి ఎవరూ చూడకుండా నల్లా దగ్గర అంటించాను:

"హస్తశుద్ధి విభాగం. హుకుం నంబర్ ఏడు. ప్రతి కార్మికుడు రోజుకు మూడుసార్లు కిరోసిన్‌తో, ఆపైన సోడాతో చేతులు కడుక్కొని రిజిస్టర్‌లో వేలిముద్ర వేయాలి. అధికారులకు మినహాయింపు."

చాయ్ గ్లాసు అడుగును సిరాలో ముంచి గుండ్రని ముద్ర కొట్టాను. (మొదటి ఆరు హుకుంలు ఏవని ఎవరూ అడగలేదు.)

మధ్యాహ్నం దాకా నవ్వుకుందామనుకున్నాను. సాయంత్రానికి లైను కట్టారు. పక్క మగ్గం లస్మయ్య తనంతట తానే లైనుకు ఇన్‌చార్జి అయ్యాడు. నాలుగో రోజుకు వేళ్లు పగిలి ముద్రలు పడటం మానేశాయి. ముద్ర పడనివాళ్లు మళ్లీ కడుక్కొని రావాలని లస్మయ్య ఉపనియమం పెట్టాడు.

తెగిన పోగు ముడేయడంలో సదానందం మామను మించినవాడు లేడు. ఇప్పుడు పోగు ఆయన వేళ్ల పగుళ్లలో ఇరుక్కుంటోంది. పైగా ఆదివారం మనవరాలిని తొట్లెలో వేసే పండుగ. పిల్లను తన చేతులతోనే వేయాలని మామ పట్టు. ధామన్కర్ నాకా కూడలి దగ్గర డాక్టరుకు చేతులు చూపించుకొచ్చాడు.

"కిరోసిన్ బంద్ జెయ్యమన్నడు. కడిగినంక తడి ఆరకముందే కొబ్బరినూనె రాయమన్నడు," అన్నాడు.

"మరి రాస్తున్నవా మామా?"

"ఎట్ల రాస్త? ఆయన చీటీ మీద గోల్ ముద్ర లేదు. గోడ మీద దానికున్నది."

నవ్వు ఆపుకోవడానికి బయటికి వెళ్లాను. (పాపం అనిపించింది. సోమవారం చెప్పొచ్చులే అనుకున్నాను.)

ఆదివారం మామ ఉండే ఒంటిగది ఖోలీలో కార్ఖానా అంతా ఉంది. మామ పిల్లను ఎత్తుకున్నాడు. అరచెయ్యి బుగ్గకు గీరుకుంది, పిల్ల కెవ్వుమంది. మామ పిల్లను కిందికి దించి, చేతులు తువ్వాల కింద దాచుకున్నాడు.

ఆయన భార్య పెంటవ్వ వరుసగా అందరి అరచేతులు తిప్పి చూసింది. "లస్మయ్యవి గంతే. అంకుశంవి గంతే." నా దగ్గర ఆగింది. "ఏందిరా హనుమాండ్లు, నీయి గింత మెత్తగున్నయ్? నువ్వు కడుగుతలేవా?"

"అధికారులకు మినహాయింపు ఉంది గదా అత్తా," అనేశాను.

లస్మయ్య నా అరచేతులు పట్టి చూశాడు.

"గట్లనా? అయితే నువ్వే పట్టు, సాహెబ్," అని పిల్లను నా చేతుల్లో పెట్టింది. పిల్ల ఏడుపు ఆపి హాయిగా పడుకుంది. కార్ఖానా మొత్తంలో ఆ పిల్లను ఎత్తుకోగల చేతులు రెండే, రెండూ నావే. మామ తువ్వాల తీయకుండా చూస్తున్నాడు.

"మామా, ఆ ఆఫీసరు నేనే. ఆ ముద్ర చాయ్ గ్లాసుది," అన్నాను.

మామ తువ్వాల తీసి తన చేతులు చూసుకున్నాడు.

"గట్లయితే నూనె రాసుకొమ్మని గూడ ఒక హుకుం రాయి బిడ్డా. ముద్ర జర గట్టిగ కొట్టు."