మామిడికుదురు లాలాజల విజయము

గౌతమీ వసిష్ఠల నడుమ వెలసిన నారికేళవనశ్యామల కోనసీమయందు, మామిడికుదురున, ఉదయము పది గంటల పది నిమిషములకు, సరిగ్గా కరెంటు పోయిన శుభలగ్నమున, ఫ్యాను తిరగని యొక వసారాలో ఘోరసమరము మొదలయ్యెను. వినువారికి ఓపిక కలుగుగాక, చెప్పువానికి సిగ్గు లేకుండుగాక.

నాయిక ఝాన్సీ. కొలెస్టరాలును పైత్యరసముగా మార్చు ఎంజైమునకును, పిత్తాశయమందు రాళ్ళు పుట్టుటకును గల చుట్టరికమును జన్యువులలో వెదకు పరిశోధనాధురంధర. ఆరేళ్ళ ఆ తపస్సును ఇంటివారు "మా అమ్మాయి పైత్యం" అందురు. కాదనుటకు ఆమెయొద్ద ఇంకను ఆధారములు చాలవు.

ఆమె కరకమలమున ఒక ప్లాస్టిక్కు గొట్టము. అందు రెండు మిల్లీలీటర్ల గీత వరకు, జన్యుపరీక్షకై, ఆ ఇంటి పెద్దామె వీరాయమ్మగారి ఉమ్మి నిండవలెను. కూతురు సత్యశ్రీ ఇచ్చినది, చెల్లెలు చిన్నమ్మలు ఇచ్చినది, మువ్వురికిని రాళ్ళే. పెద్దామెది లేనిచో ఆ వంశసూత్రము తెగును, సాయంత్రముతో నమూనాల సేకరణకు గడువు ముగియును, మూడు నెలల తిరుగుడు గోదావరిలో కలియును.

వీరాయమ్మగారు సమ్మతిపత్రము చదివించుకొని సంతకము చేసిరి. అరగంట మంచినీళ్ళైనను ముట్టక నిష్ఠతో కూర్చుండిరి. తీరా గొట్టము నోటికడకు రాగానే, లంకలు మునిగినను చలింపని ఏటిగట్టువలె బిగిసిరి.

"ఇంటికొచ్చిన ఆడపిల్ల ఎదురుగా ఉమ్మడమేంటండీ? మా ఇంటా వంటా లేదండి. కొబ్బరినీళ్ళు తాగెళ్ళండి."

"నేను అటు తిరిగి కూర్చుంటానండి, పిన్నిగారూ."

"తిరిగినా ఉన్నట్టేగా అండీ."

అంతట ఝాన్సీ జన్యుశాస్త్ర బ్రహ్మాస్త్రమును సంధించి, వంశానుగత కణరహస్యములను పావుగంట గర్జించెను. వీరాయమ్మగారు అంతయు విని "ఆయ్" అనిరి. ఉమ్మలేదు.

స్వేదధారాపరిప్లుతయై, ఏడ్చుటకు సిద్ధమైన ఆ పండితురాలిని చూచి పెద్దామె మనసు కరిగెను.

"మనిషెదురుగా ఉమ్మకూడదు గానండీ, దిష్టికి ఉమ్మకపోతేనే తప్పు. ఆ గొట్టం నాకు మూడుసార్లు తిప్పండి."

శాస్త్రీయదృక్పథపరాయణ ఇటునటు చూచి, ఎవరును లేరని రూఢి చేసికొని, తిప్పెను.

"ఇరుగు దిష్టండి." థూ. "పొరుగు దిష్టండి." థూ. "దారిన పోయేవాళ్ళదండి." థూ. ఊరు అయిపోయెను, అల్లవరపు చుట్టములు అయిపోయిరి. గీతకు ఇంకను గోరంత తక్కువ.

"ఇంకెవరైనా మిగిలేరాండీ?" అని ఝాన్సీ దీనముగా అడిగెను.

వీరాయమ్మగారు క్షణమాలోచించిరి. "మా తోడికోడలు సుందరి."

గొట్టము గీత దాటెను.

"ఇది మా సత్యశ్రీ పిల్లలకి పనికొస్తుందాండీ?"

"చెప్పలేనండి. వచ్చినా చాలా ఏళ్ళు పడుతుందండి."

"ఆయ్. అయితే మూత గట్టిగా పెట్టండి. దిష్టి పట్టుకెళ్ళేవాళ్ళు వెనక్కి చూడకూడదు, తెలుసుగా."

ఇట్లు రెండు మిల్లీలీటర్ల సామ్రాజ్యము, నురగ మినహా, జయింపబడెను. గేటు దాటిన పిదప గొడుగు మరచినట్లు జ్ఞాపకము వచ్చినను, నెత్తిన ఎండ మాడ్చుచున్నను, ఆ విజయేందిర వెనుదిరిగి చూడలేదు.