క్లైవిస్‌కు మూడో భాగస్వామి

రెండు పేర్లకు పెళ్ళిచేసి ఒక్క పేరుగా ఇంటికి పంపే అధికారం ఈ భూగోళం మీద ఒకే ఒక్క ఆఫీసుకుంది. అది ఆస్ట్రేలియా అడుగంచున, మా ముర్రబీ తీరంలో, వేయించిన చేపల కొట్టు పక్కనుంది. ఆ ఆఫీసు ఇంతవరకు ఒక్క కాపురం కూడా చెడగొట్టలేదు.

మా తీరంలో రేకుల గుడిసె వేసుకున్న ప్రతి జంటా పేర్లు కలిపి గుమ్మానికి చెక్క పలక కొట్టాల్సిందే. గొర్రెల బొచ్చు కత్తిరించే పని మానేసి ఇక్కడ చేరిన క్లైవ్, తన పేరుకు భార్య మావిస్ పేరు అతికించి "క్లైవిస్" అని చెక్కాడు. మెచ్చుకుంటుందని పక్కనే నిలబడ్డాడు కూడా.

"నువ్వేమో నిండుగా ఉన్నావు. నేను తోకనా?" అంది మావిస్. "నా వాటా తేలేదాకా ఈ గడప తొక్కను, ముసలోడా!"

పెరట్లోని కారవాన్ బండిలోకి పోయి తలుపేసుకుంది. కెటిల్ కూడా ఆమె పక్షమే చేరింది.

టీ చుక్క లేని మగాడు ఏ గడపైనా ఎక్కుతాడు. క్లైవ్ పలక చంకన పెట్టుకుని ఆఫీసుకెళ్ళాడు. పేరుకలయికల అధికారి నెవిల్ ప్రౌట్ లేచి నిలబడి, కుర్చీ చూపించి, పలకను టేపుతో కొలిచాడు.

"ఈ కొలతకు మీ ఆవిడ ఆ ఇంట్లో అతిథి అవుతుంది. అతిథులు తీగ మీద బట్టలారేయకూడదు."

"పోనీ, తననే ముందు పెట్టు నెవ్. 'మావైవ్' అను."

"అప్పుడు మీరు అతిథి." (అతిథి సాసేజీలు కాల్చరాదు. దీనికి అప్పీలు లేదు.)

"చెరిసగం నరకవయ్యా బాబూ!"

"చెరిసగమైతే అతుకు నిలవదండీ. సముద్రపు గాలి. మధ్యలో ఆఫీసు పూచీ ఉండాలి."

మర్నాడు పలక వచ్చింది: "క్లైప్రౌవిస్".

(కాపురాల సంగతి మొదట కాస్త కోతలు కోశాను. మా వరసలో సగం జంటల మధ్య ప్రౌటే పడుకుని ఉన్నాడు.)

మావిస్ కారవాన్ కిటికీలోంచి తల బయటపెట్టింది. "మన మధ్య వీడెందుకు?"

"అతుకట."

"చిన్నప్పుడు వాడు నిక్కరు నిండా ఇసకతో ఏడుస్తుంటే దులిపి పంపినదాన్ని. వాడు నాకు అతుకా? గొడ్డలి తే!"

ఆ సాయంత్రం నరికిన పలక మంట మీద సాసేజీలు కమ్మగా కాలాయి. గాలి తిరిగి, పొగకు కళ్ళు మండి, మావిస్ కెటిల్‌తో సహా గడప దాటి లోపలికొచ్చింది. వాటా మాట మళ్ళీ ఎత్తలేదు.

పేరులేని గుడిసెను ఆఫీసు ఒప్పుకోదు కనుక ఇప్పుడు ఊరి పటంలో దాని పేరు ఉత్త "ప్రౌట్".

ఇందులో నేను కల్పించింది ఒక్కటే: ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించడం.