చెరువుకు తోడు

ప్రతి శనివారం పొద్దున్నే అంబాహైక్ ఊరి చెరువు విహారయాత్రకు బయల్దేరుతుంది. అది తిరిగొచ్చేదాకా ఒక విదేశీ టీచరు దాని వెంట ఉండాలని అక్కడి పురపాలక సంఘం నియమం. ఇథియోపియా కొండల మీద ఉన్న చిన్న ఊరది. వారంలో ఐదు రోజులు చెరువు అందరికీ పనికొస్తుంది. పడవలు తిరుగుతాయి, గొడ్లు నీళ్లు తాగుతాయి, ఆడవాళ్లు బట్టలుతుకుతారు. అందుకని వారాంతంలో దానికి సెలవివ్వాలని ఏనాడో తీర్మానం చేశారు. ఊళ్లోవాళ్లెవరూ దాని వెంట వెళ్లడానికి లేదు. ప్రతి ఇంటికీ ఆ నీళ్ల మీద ఏదో ఒక తగాదా ఉంది కనుక దారిలో దాన్ని తమవైపు తిప్పుకుంటారని భయం. విదేశీయులకి తగాదాలుండవు. పైగా శనివారం నాడు వాళ్లకి వేరే పనేమీ ఉండదని అందరికీ తెలుసు.

కొల్లి సుగుణావతి ఆ ఊరి ఉన్నత పాఠశాలకి లెక్కల టీచరుగా వచ్చిన రెండో వారంలోనే ఈ పని ఆమెకి పడింది. అప్పటికి ఆమెకి ముప్ఫై ఏడేళ్లు. భీమిలిలో పదిహేనేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పింది. మధ్యమధ్య జనాభాని లెక్కపెట్టింది, ఓటర్ల జాబితాలు దిద్దింది, మరుగుదొడ్లకి ఫొటోలు తీసి పైకి పంపింది. కాబట్టి చెరువు విభాగం గుమాస్తా గెత్‌నెత్ ఆమె ఒప్పంద పత్రం తెరిచి, 'పాఠశాల అప్పగించే ఇతర విధులు' అన్న ఆఖరి ముక్క మీద వేలు పెట్టినప్పుడు ఆమె ఆశ్చర్యపోలేదు. ఒక్కటే అడిగింది.

"భోజనం మీరే పెడతారా, నేను తెచ్చుకోవాలా?"

"మీది మీరు తెచ్చుకోండి టీచర్. చెరువు ఏమీ తినదు."

బయల్దేరే వేళ ఒంటిగంట. ఆ దేశంలో గడియారం పొద్దు పొడుపుతో మొదలవుతుంది, కనుక ఒంటిగంటంటే మన ఏడు. చేపలకి ప్రయాణ అనుమతి లేదు గనక వాటిని శుక్రవారం సాయంత్రమే రాతి తొట్లలోకి మార్చేవారు. తరవాత చెరువు గట్టెక్కి, తడి అంచులు పైకెత్తి పట్టుకుని, మెల్లగా బస్సెక్కేది. వెనక ఆరు వరసల సీట్లు దానివి. పక్క ఊరి నుంచి వచ్చే డ్రైవరు వర్కు మోకాళ్లదాకా రబ్బరు బూట్లు తొడుక్కునేవాడు. సుగుణావతి ముందు సీట్లో, కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని కూర్చునేది. అందులో వెళ్లినవారికి ఒక గడి, తిరిగొచ్చినవారికి ఒక గడి.

అలా ఆమె ఆ దేశమంతా చూసింది. ఎక్కడికి వెళ్లినా చెరువు కాస్త చదునైన చోటు చూసుకుని పడుకునేది. కాసేపటికి చుట్టుపక్కల ఉన్నవన్నీ దాంట్లో తమని తాము చూసుకోవడం మొదలుపెట్టేవి. రాతిలో తొలిచిన ఒక చర్చి దగ్గర, నలభై ఏళ్లుగా అద్దం మొహం ఎరగని ముసలి పూజారి వంగి చూసుకుని, "నేననుకున్నంత ముసలివాణ్ణి కాను" అని లోపలికి వెళ్లిపోయాడు. కాఫీ తోటల్లో ఒక కొండని అది మధ్యాహ్నం దాకా తలకిందులుగా మోసింది. వేడినీటి బుగ్గతో మాత్రం దానికి పడలేదు. ఆవిర్లు కక్కుతూ బస్సెక్కింది. దారి పొడుగునా అద్దాలు మసకబారిపోతే, సుగుణావతి సోమవారం చెప్పాల్సిన సమీకరణాన్ని వాటిమీద వేలితో రాసుకుంటూ ఇల్లు చేరింది.

చెరువు లేని ఆ రెండు రోజులూ ఊరు మామూలుగానే ఉండేది. పడవవాళ్లు బురదలో పడవలెక్కి కూర్చునేవారు. కొత్తవాళ్లెవరైనా చెరువెక్కడని అడిగితే, "సోమవారం రండి" అనేవారు.

మిగిలిన ఐదు రోజులూ ఆమెకి బడి. తరగతికి అరవై మంది. "అర్థమైందా?" అంటే అరవై మందీ ఒక్క గొంతుతో "ఇషీ" అనేవారు. సరే అని దానర్థం. అర్థమైనా అదే, కాకపోయినా అదే. దర్జీ కొట్టు వెనక ఒక గది ఆమె ఇల్లు. పులిసిన దోసెలాంటి ఇంజెరా తినడం నేర్చుకుంది. వారాల తరబడి ఒక్క తెలుగు మాట నోట పలికే పనుండేది కాదు. ఆదివారం సాయంత్రం మాత్రం భీమిలిలో ఉన్న అక్క నూకరత్నానికి ఫోను చేసేది. అక్క తన ఇంటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. తీరా సుగుణావతి, "ఇక్కడేమో అక్కా, ఈ వారం..." అని మొదలుపెట్టేసరికి, "అక్కడి సంగతులు మాకేటి తెలుస్తాయే! పొయ్యి మీద కూరుంది, ఉంటాను" అని పెట్టేసేది.

అందుకని ఆ సంగతులన్నీ చెరువుకి చెప్పడం అలవాటైంది. చెరువు వినేది. నీళ్లు ఎంత బాగా వింటాయో ఆమెకి అంతకు ముందు తెలియదు. బస్సు ఘాట్ రోడ్డు దిగుతున్నంతసేపూ బడి గురించి, దర్జీ పెళ్లాం గురించి, తన మోకాలి నొప్పి గురించి చెప్పేది. ఒకసారి భీమిలి సముద్రం గురించి చెప్పింది.

"దానికి శనివారం లేదు, ఆదివారం లేదు. ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లరు. అయినా ఒక్క క్షణం ఉన్నచోట ఉండదు" అంది.

వెనక సీట్లలో చిన్న అలికిడి కూడా ఆగిపోయింది.

ఆ సోమవారం నుంచి చెరువులో మబ్బులు కనిపించడం మానేశాయి. చెట్లూ లేవు, గట్టు మీద నిలబడ్డవాళ్ల మొహాలూ లేవు. ఉత్త నీళ్లు. గట్టు మీద పెళ్లి ఫొటోలు తీసే అతను పురపాలక సంఘానికి ఫిర్యాదు రాసిచ్చాడు. గెత్‌నెత్ సుగుణావతిని పిలిపించాడు.

"దీనికేమైంది టీచర్?"

"సముద్రం చూడాలంటోంది."

"సముద్రమనేది ఒకటుందని దానికెవరు చెప్పారు?"

"నేనే."

గెత్‌నెత్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మంచివాడు. కోప్పడడం అతనికి చేతకాదు. "మన దేశానికి సముద్రం లేదు. అది పక్క దేశంలో ఉంది. పాస్‌పోర్టు కావాలి" అన్నాడు.

ఇద్దరూ కూర్చుని దరఖాస్తు నింపారు. తండ్రి పేరు దగ్గర 'వాన' అని రాశారు. పుట్టిన తేదీ తెలియదన్నారు. గుర్తింపు చిహ్నాల దగ్గర, తూర్పు గట్టున రెల్లు దుబ్బు అని రాశారు. మూడు వారాలకి జవాబొచ్చింది. చెరువు స్థిరాస్తి గనక ఉన్నచోటి నుంచి కదలదనీ, కదలనివాటికి పాస్‌పోర్టు ఇవ్వరనీ అందులో ఉంది. ఆ ఉత్తరం వచ్చింది శనివారం నాడు. చెరువు ఊళ్లో లేదు.

"పోనీ సరిహద్దు దాకా తీసుకెళ్లండి" అన్నాడు గెత్‌నెత్ చివరికి. "అక్కడి కొండ మీంచి చూస్తే దూరంగా నీలం గీత కనిపిస్తుందట. అదైనా చూసొస్తుంది."

ఆ సంవత్సరం బడి మూసిన మొదటి శనివారం బయల్దేరారు. సుగుణావతి వచ్చి అప్పటికి ఆరేళ్లు, ఇంటికెళ్లే సెలవు ఆమెకి అది మూడోది. ఆ వచ్చే వారం పక్క దేశపు రేవు పట్నం నుంచి ఆమెకి విమానం. సరిహద్దు దగ్గర కాగితాలడుగుతారని పాస్‌పోర్టు సంచీ మెళ్లో వేసుకుంది. విమానం టికెట్టు కూడా అందులోనే ఉంది. వర్కు తెల్లవారకముందే బండి తీశాడు. పచ్చటి కొండలు పోయి ఎర్రటి రాళ్లొచ్చాయి, రాళ్లు పోయి తెల్లటి మన్ను వచ్చింది. కొండెక్కి చూస్తే దుమ్ము తప్ప ఏమీ లేదు. సుగుణావతి కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు వెతికింది. ఆమె వెతుకుతుండగానే చెరువు తనంత తాను కొండ దిగి, అడ్డగేటు దగ్గరికెళ్లి నిలబడింది.

గేటు దగ్గర ఖాకీ బట్టల్లో ఒక అధికారిణి ఉంది. సుగుణావతి రొప్పుకుంటూ వచ్చి పాస్‌పోర్టు చూపించింది.

"మీరిద్దరున్నారు. పాస్‌పోర్టు ఒక్కటే ఉంది" అంది అధికారిణి.

"అది దానిది కాదు, నాది."

అధికారిణి ఫొటో చూసింది. భీమిలి స్టూడియోలో ఆరేళ్ల కిందట దిగిన ఫొటో. తలెత్తి సుగుణావతిని చూసింది. కొండల ఎండకి నల్లబడి గీతలు పడ్డ చెంపలు, నుదుటి మీద తెల్లబడ్డ జుట్టు. కిందకి చూసింది. అన్నాళ్లుగా ఏమీ కనబడని నీళ్లలో ఇప్పుడు సుగుణావతి మొహం ఉంది. గీతలన్నీ కరిగి, నున్నగా, కాస్త తళుకుగా, అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉంది.

"ఈవిడదే" అని అధికారిణి నీళ్లని చూపించి ముద్ర కొట్టింది. "మీరు పక్కకి జరగండమ్మా."

అప్పుడు సుగుణావతి గట్టిగా కాదనొచ్చు. కాదనడానికే నోరు తెరిచింది. కానీ చెరువు అంచు సన్నగా వణుకుతోంది. తొలిరోజు బడి గుమ్మంలో నిలబడ్డ పిల్లల పెదాలు అలా వణకడం ఆమె ఇరవై ఒక్క ఏళ్లుగా చూస్తోంది. పాస్‌పోర్టు సంచీ మూతి బిగించి, తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, నీళ్ల మీద ఉంచింది.

"చూసేసి రేపు సాయంత్రానికి వచ్చెయ్యి" అంది తెలుగులో.

చెరువు గేటు కిందనుంచి దాటింది. వర్కూ ఆమే రేకుల కొట్టులో కాఫీలు తాగుతూ ఆదివారం పొద్దు వాలేదాకా కూర్చున్నారు.

"ఇన్నేళ్లుగా తిప్పుతున్నాను. ఏ ఊరెళ్లినా రెండుసార్లు వెనక్కి తిరిగి బస్సు ఉందో లేదో చూసుకునేది. నిన్న చూసుకోలేదు" అన్నాడు వర్కు.

ఖాళీ బస్సు సోమవారం పొద్దున్నకి ఊరు చేరింది. గెత్‌నెత్ రిజిస్టరు చూశాడు. సరిహద్దు నుంచి వచ్చిన వర్తమానం చూశాడు. మళ్లీ రిజిస్టరు చూశాడు.

"ఇద్దరు వెళ్లారు, ఒకరు తిరిగొచ్చారు. టీచరు సెలవు మీద దేశం దాటినట్టు ముద్ర ఉంది. కాబట్టి తిరిగొచ్చింది చెరువు" అన్నాడు.

"గెత్‌నెత్, నా మొహం చూడండి. నేను టీచర్ని."

"నాకు తెలుసు" అన్నాడతను మెల్లగా. "ఈ ఊళ్లో అందరికీ తెలుసు. కానీ టీచరు లేకపోతే బడికి ఇబ్బంది లేదు, సెలవులే కదా. చెరువు లేకపోతే ఇవాళ గొడ్లు ఎక్కడికెళ్తాయి? టీచరు వచ్చేదాకానే."

ఆమె బల్ల మీది రిజిస్టరు మూసింది. ఆరేళ్లుగా విని విని నోటికి పట్టేసిన మాటే వచ్చింది. "ఇషీ" అంది.

గట్టు దిగి, బురదలో మధ్యదాకా నడిచి, చెప్పులు పక్కన పెట్టి కూర్చుంది. చేపల్ని తెచ్చి చుట్టూ వదిలారు. మొదటి పడవ ఆమె పక్కనుంచే వెళ్లింది. "ఇవాళ నీళ్లు కాస్త తక్కువ" అనుకున్నారు అందులోవాళ్లు. మంగళవారానికి ఆ మాట మానేశారు. వానాకాలం కదా. బుధవారం నాటికి ఆమె చీర ఒక గట్టు నుంచి రెండో గట్టు దాకా పరుచుకుంది. గాలి వస్తే కుచ్చిళ్లు చిన్నచిన్న అలలయ్యేవి. గురువారం మబ్బులు కనిపించాయి. పెళ్లి ఫొటోల అతను తన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఆమె తరగతి పిల్లలు నలుగురు గట్టు మీద కూర్చుని సెలవుల్లో ఇచ్చిన లెక్కలు చేసుకున్నారు. ఒక పిల్ల కుడివైపుకి తెచ్చిన సంఖ్యకి గుర్తు మార్చడం మరిచిపోయింది. సుగుణావతికి కనిపిస్తూనే ఉంది. ఏం చెయ్యగలదు? ఆ పిల్ల పాదాల దగ్గర రెండుసార్లు కదిలింది. పిల్ల కాళ్లు వెనక్కి తీసుకుంది.

ఆదివారం వచ్చింది. వెంట వెళ్లడానికి టీచరు లేనందున ఆ వారం విహారయాత్ర రద్దయింది. సాయంత్రం వర్కు గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చెప్పిన నంబరుకి తన ఫోనులోంచి కలిపి, నీళ్లకి దగ్గరగా పట్టుకున్నాడు.

"ఎవురండీ?" అంది నూకరత్నం.

"నేనక్కా, సుగుణని."

"సుగుణ నా ఎదురుగానే కూకుంది కదా! ఎవులమ్మా నువ్వు?"

సుగుణావతి ఫోనుకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. "ఎలా ఉందండీ ఆవిడ?" అంది.

"బాగున్నాది. ఒళ్లొచ్చింది. ఇల్లంతా కాస్త తడితడిగా ఉంటంది, అంతే. పొద్దున్న లెగిసి సముద్రం కాడికెళ్లి కూకుంటాది, మజ్జాన్నం ఇంటికొస్తాది."

"ఏమైనా మాట్లాడుతోందా?"

"పాపం, ఏటీ మాటాడదు. ఇదివరకొస్తే ఆ దేశం కబుర్లు సెప్పి బుర్ర తినీసీది. ఈపాలి మేం సెప్పిందల్లా ఇంటంది. మా ఆయన రెండు గంటలు నడుం నొప్పి గురించే సెప్పినాడు, ఇసుక్కోకుండా ఇంది. పిల్లలైతే ఆ మొకంలో మొకాలెట్టి కదలరు. అందరం అనుకుంటన్నాం, ఇన్నాళ్లకి మా సుగుణ మాకు దక్కిందని." నూకరత్నం ఊపిరి తీసుకుంది. "అవున్లేగాని, నువ్వెవరో సెప్పనేదు."

నీళ్ల మీద ఎండ పల్చబడుతోంది. వర్కు ఫోను చెయ్యి మార్చుకున్నాడు.

"నేను ఇక్కడి చెరువునండి" అంది సుగుణావతి.

"ఓలమ్మా! నువ్వా తల్లీ! ఫోను సేసినప్పుడల్లా నీ ఊసే ఎత్తబోయీది, మాకే ఇనడానికి తీరిక నేకపోయింది. ఎలగున్నావు? ఆ కొండల్లో ఒక్కదానివీ ఎలగుంటన్నావమ్మా? ఆరోగ్గెం బాగుంటందా? నీకు తోడెవరైనా ఉన్నారా?"

ఆరేళ్లలో ఆ ఇంటినుంచి ఎవరూ ఆమెని ఆ మాట అడగలేదు. సుగుణావతి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున చలి ఎలా ఉంటుందో చెప్పింది. దర్జీ పెళ్లాం గురించి చెప్పింది, బడి గురించి చెప్పింది, మోకాలి నొప్పి చెప్పింది. అవతల నూకరత్నం "ఊ... ఊ... అయ్యో... అలగా" అంటూ అంతా వింది. కూర పొయ్యి మీద ఉందని ఒక్కసారి కూడా అనలేదు.

"సెలవైపోగానే మా సుగుణని పంపీమంటావా?" అని అడిగింది చివరికి. "అక్కడ నీకు కష్టమైపోతాది."

"తొందరేం లేదండీ" అంది సుగుణావతి. "ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి. నేను వచ్చే ఆదివారం మళ్లీ చేస్తాను."