ఒక తప్పెట, ఇద్దరు పెద్దలు

కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి ఆ ఉదయం రైలుకు మంత్రాలయం పోదామని తలారి ఈరప్ప భార్యకు మాటిచ్చాడు. ఇలా మాటివ్వడం అతనికి కొత్త కాదు. కోసిగి పక్కన ఆ పల్లెకు తలారి ఒక్కడే, పని చెప్పేవాళ్లు మాత్రం ఇద్దరు: మునసబు రెడ్డి, కరణం. ఒకరు పిలిచేసరికి రెండోవారి పనిలో ఉండి తిట్లు తినడమే బతుకైపోయింది. మనిషి ఎండి వరుగయ్యాడు. నిలబడే కునుకు తీస్తున్నాడు.

సద్దిమూట కట్టగానే రెడ్డి వచ్చాడు. "ఈరిగా, తాసిల్దారు వస్తాండాడు. ఊరంతా చావిడికాడ కూడల్లని దండోరా ఎయ్యి. శిస్తు మాఫీ అడగల్ల."

భార్య సుంకులమ్మ మొహం చూడకుండా ఈరప్ప తప్పెట తీసుకున్నాడు. వీధి మలుపులో కరణం ఎదురయ్యాడు.

"ఎవరి చేనుకాడ వాళ్లు నిలబడాలని చాటురా. ఎండిన పైరు కండ్లారా చూడకపోతే ఆయప్ప యాడ నమ్ముతాడు?"

"సామీ, రెడ్డేమో చావిడికాడికి..."

"రెడ్డి సంగతి నాకెందుకు? చెప్పింది చెయ్యి."

ఈరప్పకు ఏడుపొచ్చింది. ఎవరికి ఎదురుచెప్పినా పని పోతుంది. ఆలోచించే ఓపిక ఎప్పుడో అయిపోయింది గనుక రెండూ కలిపి చాటేశాడు. "అందరూ చావిడికాడికి రావల్లని రెడ్డి మాట, ఎవురి చేనికాడ వాళ్లు నిలబడల్లని కరణం మాట."

జనం చావిడికి వచ్చారు. కరణానికి జడిసి చేలకు పరుగెత్తారు. రెడ్డి కేకలు విని మళ్లీ వెనక్కు తిరిగారు. జీపు వచ్చేసరికి చావిడిలో నరపురుగు లేదు, చేలలోనూ లేదు. ఊరంతా నడుమ దారిలో ఇరుక్కుని పోట్లాడుకుంటోంది. జీపు ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు.

"అంతా ఈ ఈరిగాడు చేసినాడు" అన్నారు రెడ్డి, కరణం. వాళ్లిద్దరూ ఒకే మాట అనగా ఊరు వినడం అదే మొదలు.

తాసిల్దారు ఈరప్పను దగ్గరికి పిలిచాడు. "నువ్వు ఎవరి మనిషివయ్యా?"

"రెడ్డి పిలిస్తే రెడ్డి మనిషిని, కరణం పిలిస్తే కరణం మనిషిని దొరా. నా పెండ్లాం బిడ్డకు మనిషిని ఎప్పుడైతానో అది తెల్దు."

తాసిల్దారు చుట్టూ చూశాడు. మొర పెట్టుకునే జనమూ, దారి పక్కన ఎండిన చేలూ ఒక్కచోటే కనిపించాయి. మాఫీకి రాస్తానన్నాడు. తర్వాత పెద్దలవైపు తిరిగాడు. "ఇకమీదట మీరిద్దరూ ఒక్క మాటై, కలిసి వచ్చి చెబితేనే ఇతను కదలాలి. ఒక్కరు చెబితే కదలకూడదు."

ఈరప్ప నిద్రమత్తు ఎగిరిపోయింది. "దొరా, ఆ మాట దండోరా ఎయ్యనా?"

"వెయ్యి."

ఊరు దద్దరిల్లేలా వేశాడు. పుట్టి బుద్ధెరిగాక తన కోసం తాను కొట్టిన తప్పెట అదొక్కటే. ఆ సాయంత్రం రైలుకే భార్యాబిడ్డలతో మంత్రాలయం వెళ్లాడు, దారిపొడుగునా హాయిగా గురకపెడుతూ.

ఇప్పుడు రోజూ రెడ్డి ఒకసారి, కరణం ఒకసారి అతని గుమ్మం దగ్గరికి వస్తారు. ఇద్దరూ కలిసి రమ్మని ఈరప్ప మంచం దిగకుండానే ఎంతో మర్యాదగా చెబుతాడు.