ప్రజాంగడి వారి ఉత్తమ కస్టమర్

వినియోగదారుల సంతోష శాఖ మంత్రిగారు పత్రికల వాళ్లందరినీ పిలిచి, మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, ఇకనుంచి తమ ప్రభుత్వంలో ఏ కస్టమరూ అసంతృప్తిగా ఉండటానికి వీల్లేదని ప్రకటించారు. ప్రభుత్వంవారి ఆన్‌లైన్ దుకాణం ప్రజాంగడి బ్రహ్మాండంగా పెరుగుతోందనీ, అందుకు కారణం సరుకు కాదు, సేవ అనీ చెప్పారు. సరుకు ఎవడైనా అమ్ముతాడన్నారు. ప్రజాంగడి సరుకు వాడినవాళ్లెవరూ ఆ మాటకి అడ్డు చెప్పలేదు.

"పోయినేటికీ ఈ ఏటికీ మన కస్టమర్ కేర్‌కి వచ్చే ఫోన్లు నాలుగింతలయ్యాయి. జనం ఊరికే చేస్తారా? మనవాళ్లనుకుంటేనే చేస్తారు. పరాయివాళ్లకి ఎవరు చేస్తారయ్యా ఫోను?"

ఒక విలేకరి లేచి, అవన్నీ కంప్లైంట్లే కదా అన్నాడు. మంత్రిగారు కోప్పడలేదు. ఆయన మనసు అంత పెద్దది.

"కంప్లైంటంటే ఏమిటి? అలక. అలిగేది ఎవరిమీద? సొంతవాళ్లమీద!"

అదే ఊపులో, అందరికంటే ఎక్కువసార్లు ఫోన్ చేసిన మనిషిని వెతికి పట్టుకుని, ప్రజాంగడి ఉత్తమ కస్టమర్‌గా సత్కరిస్తామని కూడా ప్రకటించారు. ప్రజాంగడి డైరెక్టరుగారు వెంటనే కంప్యూటర్ల ముందుకు పరిగెత్తారు.

ఆ మనిషి ఆ సమయానికి ఫోన్ చెవికి ఆనించుకుని ప్రజాంగడి వారి పాట వింటోంది. 'దయచేసి వేచి ఉండండి' అన్న మాటకీ మాటకీ మధ్య వచ్చే పాట. వీధి మలుపులో ఒకే ఒక్క గది. ముందు కుట్టుమిషన్, వెనక మంచం, మంచం మీద అత్తగారు. వీధంతా ఆమెని టైలరమ్మ అంటారు. కాళ్లతో తొక్కే పాత మిషన్ అమ్మేసి, మోజుపడి ప్రజాంగడిలో కరెంటు మిషన్ తెప్పించుకుంది. మిషన్ వచ్చింది. సూదులొచ్చాయి. మీరే మా దేవుళ్లు అని రాసిన రంగు కార్డు వచ్చింది. కాలికింద పెట్టి నొక్కే పెడల్ మాత్రం రాలేదు. అది నొక్కితేగాని ఆ మిషన్ కదలదు.

"కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా," అంది అత్తగారు. ఆవిడ అలా అంటూనే మిషన్ పక్కన కూర్చుని చక్రాన్ని చేత్తో తిప్పేది. ఒక్క కాలరు పూర్తయ్యేసరికి ఆవిడ భుజం పట్టేసేది.

కుట్టాల్సింది ఒక కాలరా? ఆడపిల్లల బడి యూనిఫారాలన్నీ బడి తెరిచేలోగా కుట్టిస్తానని టైలరమ్మ మాటిచ్చింది. తానులకి తానులు గోడవారగా పేర్చి ఉన్నాయి. హెడ్‌మిస్ట్రెస్ వచ్చి చూసి, ఈ వారంలో పని మొదలవకపోతే బట్ట వెనక్కి పట్టుకుపోతానంది. ఆ పని పోతే ఈ గది కూడా పోయినట్టే.

పాట ఆగింది. అవతల ఒక తియ్యటి గొంతు పలికింది. ఎన్నిసార్లు చేసినా అవే మాటలు పలుకుతుందని అత్తగారు ఆ అమ్మాయికి చిలక అని పేరు పెట్టింది.

"మీ బాధ మాకు అర్థమైందండీ."

"అర్థమవడం కాదు తల్లీ, పెడల్ పంపు."

"తప్పకుండా అండీ. మీ మిషన్ ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి చూశారా?"

"పెడల్ లేందే అది ఆన్ ఎట్లా అవుతుందమ్మా?"

"అయితే ఆపే ఉంచారన్నమాట. చాలా మంచి పని చేశారండీ. ఇంకేమైనా సహాయం కావాలా?"

మర్నాడు వీధి మలుపులో కారు ఆగింది. డైరెక్టరుగారు స్వయంగా దిగి, తల వంచి గదిలోకి వచ్చారు. అన్నిసార్లు ఫోన్ చేసింది మీరేనా అని అడిగారు. టైలరమ్మ గబుక్కున లేచి నిలబడింది.

"తప్పయిపోయిందండీ. ఇంక చెయ్యను."

"ఎంతమాట! మీలాంటివాళ్లు ఇంటికొక్కరుంటే ప్రజాంగడి ప్రపంచాన్ని ఏలుతుంది."

"పెడల్ తెచ్చారా బాబూ?" అంది అత్తగారు.

"అంతకంటే పెద్దది తెచ్చాను పెద్దమ్మగారూ. సత్కారం! మంత్రిగారి పక్కన కుర్చీ."

అత్తగారు కోడల్ని మూలకి లాక్కెళ్లింది. "అడగందే అమ్మైనా పెట్టదే. మైకు చేతికి రాగానే ముందు పెడల్ అడుగు. దణ్ణం తర్వాత పెడుదువుగాని."

సభకి వెళ్లే దారిలో డైరెక్టరుగారు కారులో ఉప్పొంగిపోయారు. తక్షణ సేవా కేంద్రాన్ని ఇవాళే మంత్రిగారు ప్రారంభిస్తున్నారట. కస్టమర్ దేవుడు కాబట్టి, దేవుడి ముందు ఒంటిచేత్తో మీట నొక్కడం మర్యాద కాదని ఆయన పట్టుబట్టారట. రెండు చేతులూ జోడించి నిలబడి, కాలితో నొక్కుతారట.

"ఎంత వినయమో చూడండి! కాలితో నొక్కే మీట కోసం మూడు శాఖలు వెతికాయమ్మా. చివరికి మా గోడౌన్‌లోనే దొరికింది!"

టైలరమ్మ వినిపించుకోలేదు. మైకులో అనాల్సిన ముక్క లోలోపల వల్లె వేసుకుంటోంది.

వేదిక మీద మంత్రిగారు చేతులు జోడించి, కళ్లు అరమోడ్చి నిలబడ్డారు. పక్కన కుర్చీలో టైలరమ్మ. ఇంతమంది ముఖాలు చూడలేక ఆమె తల దించుకుంది. దించుకుంటే మంత్రిగారి బూటు కనిపించింది. బూటు పక్కన నల్లగా, వైరుతో, గీతలు గీతలుగా ఉన్న పెడల్ కనిపించింది. దానిమీద అంటించిన పార్సిల్ కాగితం మీద ఆమె ఫోన్ నంబరు ఉంది. టైలరమ్మ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. పోయిందనుకున్న పిల్ల సంతలో కనబడ్డట్టు నోరారా నవ్వింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు పెడల్ మీద కాలు మోపారు, వెనక బల్బులన్నీ వెలిగాయి, ఫొటోగ్రాఫరు క్లిక్‌మనిపించాడు.

మైకు ఆమె చేతికొచ్చింది.

"అయ్యా, మీ కాలు కాస్త తీస్తారా? అది నాది."

మంత్రిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"విన్నారా? నాది అంటోంది! ప్రభుత్వం మాది అనే జనాన్ని చూశాం. ప్రభుత్వం నాది అనే కస్టమర్‌ని ఇవాళే చూస్తున్నాను. నీదే తల్లీ! ఈ కేంద్రం నీదే, ప్రజాంగడి నీదే, నేనూ నీవాణ్ణే!"

చప్పట్లతో పైకప్పు రేకులు అదిరాయి. ఆ హోరులో మైకు ఎవరో తీసేసుకున్నారు.

సభ అయ్యాక ఆమె డైరెక్టరుగారి వెంటపడింది. ఆయన పెడల్‌ని మెత్తటి గుడ్డలో చుట్టిస్తున్నారు.

"మంత్రిగారు ప్రారంభించిన మీటమ్మా ఇది. అద్దాల పెట్టెలో పెడుతున్నాం."

"దానిమీద నా నంబరుంది బాబూ!"

"అదే కదమ్మా మీ అదృష్టం. కాగితం చింపొద్దని నేనే చెప్పాను."

టైలరమ్మ ఇంటికొచ్చేసరికి గోడవార ఖాళీగా ఉంది. అత్తగారు మంచం మీద భుజం పట్టుకుని కూర్చుని ఉంది.

"హెడ్‌మిస్ట్రెస్ వచ్చి తానులన్నీ పట్టుకుపోయిందే. నిన్ను టీవీలో చూసిందట. మంత్రి పక్కన కూర్చునే మనిషికి మా గౌన్లు కుట్టే తీరిక ఎక్కడుంటుందిలెండి అంది. కాళ్లావేళ్లా పడ్డాను, వినలేదు."

టైలరమ్మ ఫోన్ తీసింది. కొత్త కేంద్రం మహిమ, ఈసారి పాట రాలేదు. మోగీ మోగకముందే చిలక పలికింది.

"మీ కంప్లైంట్ పరిష్కారమైందండీ."

"పెడల్ రాలేదు కదమ్మా!"

"వస్తువుతో కస్టమర్ ఉన్న ఫొటో ఉంటే అందినట్టేనండీ. మీ ఫొటో నా ముందే ఉంది."

"ఆ ఫొటోలో పెడల్ ఎక్కడుందో చూడు తల్లీ."

"మంత్రిగారి పాదం కిందండీ. పక్కనే మీరున్నారు. మీరు నవ్వుతున్నారు కదండీ?"

అబద్ధమాడటం టైలరమ్మకి చేతకాదు.

"అవునమ్మా. నవ్వాను."

"సంతృప్తి అని రాసుకుంటున్నానండీ," అంది చిలక.